పొగరాళ్ళ జలపాతం, ఏనుగుల దారి

కన్నడంలో హొగె అంటే పొగ, కల్ అంటే రాయి. కావేరి నది బండల మీదినుంచి దూకేచోట లేచే తుంపర దూరానికి పొగలా కనిపిస్తుంది. అందుకే ఆ చోటికి హొగెనకల్ అని పేరు. తెలుగులో చెప్పుకుంటే పొగరాళ్ళు. ఇలాంటి పేరే ఆఫ్రికాలోనూ ఒకటుంది. జాంబియా, జింబాబ్వే దేశాల సరిహద్దులో జాంబెజి నది 108 మీటర్ల లోతుకు దూకుతుంది. బయటి లోకం దాన్ని విక్టోరియా జలపాతం అంటుంది. అక్కడి జనం మాత్రం మోసి ఓవా తున్యా అంటారు. ఉరిమే పొగ అని దాని అర్థం. వేల మైళ్ళ దూరంలో, ఒకరి మాట ఒకరు ఎన్నడూ వినని రెండు జాతులవారు దూకే నీళ్ళను చూసి ఒకే మాట అనుకున్నారు.

జలపాతమూ అడవి జంతువులూ ఒకేచోట ఉన్న జాతీయ ఉద్యానం అనగానే చాలామందికి ఉగాండాలోని మర్చిసన్ ఫాల్స్ గుర్తుకొస్తుంది. విక్టోరియా సరస్సులో బయలుదేరిన నైలు నది ఆల్బర్ట్ సరస్సుకు చేరబోయే ముందు, అక్కడ ఏడెనిమిది మీటర్ల వెడల్పు కూడా మించని రాతి సందులో ఇరుక్కుని 43 మీటర్ల కిందికి దూకుతుంది. 1864లో ఆ జలపాతాన్ని చూసిన ఇంగ్లీషు యాత్రికుడు శామ్యూల్ బేకర్, లండన్ రాయల్ జియోగ్రాఫికల్ సొసైటీ అధ్యక్షుడైన రోడరిక్ మర్చిసన్ పేరు దానికి పెట్టాడు. 1952లో చుట్టుపక్కల అడవి జాతీయ ఉద్యానమైంది. సుమారు 3,840 చదరపు కిలోమీటర్ల విస్తీర్ణంతో ఉగాండాలోని ఉద్యానాలన్నిటిలోకీ అదే పెద్దది. పరా అనే రేవులో పడవెక్కిన యాత్రికులు ఏటికి ఎదురుగా జలపాతం దాకా వెళతారు. దారి పొడవునా నీటిగుర్రాలు, మొసళ్ళు, నీళ్ళకు దిగిన ఏనుగుల మందలు కనిపిస్తాయి. ఆ ఏనుగుల వెనక పెద్ద కష్టకాలం ఉంది. 1970లలో, 80లలో దేశం అల్లకల్లోలమైనప్పుడు వేటగాళ్ళ తుపాకులకు అడ్డు లేకుండా పోయింది. వేలల్లో ఉన్న ఏనుగులు వందలకు పడిపోయాయి. దేశం కుదుటపడి, కాపలా తిరిగి మొదలయ్యాకే వాటి సంఖ్య మళ్ళీ పెరిగింది.

నది, రాతి సందు, పడవ, మొసలి, ఏనుగు. ఇవన్నీ ఒక్కచోట ఉన్న అడవి తెలుగు మాట వినిపించే సీమలోనూ ఉంది. కృష్ణగిరి జిల్లా మత్తిగిరి నుంచి బస్సులో బయలుదేరితే పూట తిరక్కుండానే అక్కడికి చేరవచ్చు.

మత్తిగిరి ఇప్పుడు హోసూరు నగరంలో కలిసిపోయిన ఊరు. 1824లో ఈస్టిండియా కంపెనీ సైన్యానికి గుర్రాలను పెంచడం కోసం ఇక్కడ మొదలైన క్షేత్రం, తరవాతి కాలంలో ప్రభుత్వ పశుక్షేత్రంగా పేరు తెచ్చుకుంది. హోసూరు, కోలారు, కుప్పం కలిసిన ఈ సీమను మొరసునాడు అంటారు. తెలుగు, కన్నడం, తమిళం ఒకే సంతలో వినిపిస్తాయి. సముద్రమట్టానికి సుమారు 900 మీటర్ల ఎత్తున ఉన్న మిట్టనేల ఇది. ఎండాకాలంలో కూడా తెల్లవారుజామున చల్లగాలి వీస్తుంది. రాగి చేలు, చింతతోపులు, ఇప్పుడు వాటి పక్కనే కార్ఖానాలు, గులాబీలు పెంచే పాలిథీన్ పందిళ్ళు కనిపిస్తాయి.

హోసూరు నుంచి డెంకణికోట మీదుగా అంచెట్టికి, అక్కడినుంచి హొగెనకల్‌కు దారి. డెంకణికోట దాటాక చేలు తగ్గి కొండలు మొదలవుతాయి. వీటికి మేలగిరి కొండలని పేరు. అంచెట్టి దాటిన తరవాత రోడ్డు మలుపులు తిరుగుతూ కిందికి దిగుతుంది. 900 మీటర్ల ఎత్తున మొదలైన ప్రయాణం సుమారు 250 మీటర్ల ఎత్తున ఉన్న ఏటి ఒడ్డున ముగుస్తుంది. ఈ దిగుడులో గాలి మారుతుంది, చెట్లు మారతాయి. పైన ఆకురాల్చే అడవి. కిందికి పోయేకొద్దీ తుమ్మ, ముళ్ళపొదలు, వెదురు. ఏటి ఒడ్డుకు చేరేసరికి పచ్చగా, గుబురుగా ఎత్తైన తెల్లమద్ది చెట్లు. వాన తక్కువైన ఈ ప్రాంతంలో ఏడాది పొడవునా పచ్చగా ఉండేది ఏటిని అంటిపెట్టుకున్న ఆ సన్నని పట్టీ ఒక్కటే.

ఇదే దిగుడున నీరు కూడా ప్రయాణం చేస్తుంది. తళి ప్రాంతపు మిట్టల్లో పుట్టిన చిన్నారు అనే వాగు డెంకణికోట సీమ గుండా పారి, పంచపల్లి ఆనకట్ట దాటి, హొగెనకల్ దగ్గర కావేరిలో కలుస్తుంది. హోసూరు పక్కన కురిసిన వానలో కొంత భాగం ఈ విధంగా పొగరాళ్ళకు చేరుతుంది.

హొగెనకల్ దగ్గర కావేరికి ఒక ఒడ్డున తమిళనాడులోని ధర్మపురి జిల్లా, రెండో ఒడ్డున కర్ణాటకలోని చామరాజనగర జిల్లా. కొడగు కొండల్లోని తలకావేరిలో పుట్టి, శివసముద్రం దగ్గర ఒకసారి దూకి, మేకదాటు సందు గుండా వచ్చిన నది ఇక్కడ రాతినేల మీద పాయలు పాయలుగా చీలిపోతుంది. ఒకే పెద్ద ధారగా దూకడం దీని పద్ధతి కాదు. పదుల ధారలు రకరకాల దిక్కుల నుంచి ఒకే ఇరుకు లోయలోకి పడతాయి. వాటిలో పెద్దవి 20 మీటర్ల దాకా ఎత్తుంటాయి. ఇక్కడి రాళ్ళలో కార్బొనటైట్ అనే అరుదైన రకం ఉంది. భూగర్భంలో సున్నపు ఖనిజాలతో నిండిన శిలాద్రవం పైకి వచ్చి గట్టిపడితే ఏర్పడే రాయి అది. హొగెనకల్ కార్బొనటైట్ వయస్సు దాదాపు 240 కోట్ల సంవత్సరాలని శాస్త్రజ్ఞులు లెక్కగట్టారు.

ఈ లోయలోకి వెళ్ళడానికి ఉన్న పడవ పుట్టి. అక్కడివాళ్ళు పరిసల్ అంటారు. వెదురు బద్దలను బుట్టలా అల్లి, అడుగున ప్లాస్టిక్ పట్టా కప్పి, తారు పూస్తారు. వెనకటి రోజుల్లో పట్టాకు బదులు పశువుల తోలు కప్పేవారు. ఏడెనిమిది అడుగుల వెడల్పున్న గుండ్రని పుట్టికి ముందూ వెనకా ఉండవు. ఎక్కినవాళ్ళు అంచుకు వీపు ఆనించి, కాళ్ళు ముడుచుకుని, బరువు అన్నివైపులా సమంగా పడేలా చుట్టూ కూర్చుంటారు. నడిపేవాడికి ఒకే ఒక తెడ్డు. దాన్ని కుడికీ ఎడమకూ మార్చుతూ నీటిని తనవైపు లాగుతాడు. ఒకేవైపు వేస్తే పుట్టి బొంగరంలా తిరిగిపోతుంది. రాతిగోడల మధ్య నీరు నల్లగా, నిలకడగా కనిపిస్తుంది. ధారల దగ్గరికి పోయేకొద్దీ చప్పుడు పెరిగి, పక్కనున్న మనిషి మాట కూడా వినబడదు. తుంపర మొహం మీద పడుతుంది. పుట్టికి అడుగు లోతు లేదు కాబట్టి జానెడు నీళ్ళలో కూడా పోతుంది, రాయికి తగిలినా విరగకుండా వంగుతుంది. బండలు అడ్డమొచ్చిన చోట నడిపేవాడు దాన్ని తలకిందులుగా నెత్తిన బోర్లించుకుని నడిచిపోతాడు. దూరం నుంచి చూస్తే పెద్ద తాబేలు రెండు కాళ్ళ మీద లేచి నడుస్తున్నట్టుంటుంది. 1992లో వచ్చిన రోజా సినిమా పాటలో ఈ జలపాతాన్ని తెలుగువాళ్ళు తెరమీద చూశారు.

జలపాతానికి ఎగువన, దిగువన ఉన్న ఏటిగట్టు అడవిలో నివసించే జీవుల్లో అన్నిటికంటే తక్కువ పేరున్నదీ, ఆ అడవి ఆరోగ్యాన్ని అన్నిటికంటే బాగా చెప్పేదీ నెరసిన బెట్టుడుత. మామూలు ఉడుతకు ఎన్నో రెట్లు పెద్దదైన ఈ ఉడుత తోకలో బూడిదరంగు, తెలుపు వెంట్రుకలు నెరసిన జుట్టులా కలిసి ఉంటాయి. ప్రపంచంలో దక్షిణ భారతంలోనూ శ్రీలంకలోనూ తప్ప ఇది ఎక్కడా లేదు. నేలకు దిగడం దీనికి ఇష్టం ఉండదు. కొమ్మ నుంచి కొమ్మకు దూకుతూనే బతుకు గడుపుతుంది. రెండు చెట్ల తలలు కలిసిన చోట కొమ్మలూ ఆకులూ పేర్చి గూడు కడుతుంది. ప్రమాదం వస్తే ఏ చెట్టు మీదికైనా పారిపోవడానికి వీలుగా ఉండాలని ఆ ఏర్పాటు. తెల్లమద్దులూ చింతలూ ఒకదానికొకటి తగులుతూ వరసగా ఉన్నంతవరకే దానికి దారి. నాలుగు చెట్లు కొట్టేస్తే ఆ దారి తెగిపోతుంది.

ఏటిలో నీరుకుక్కలు గుంపులుగా చేపల్ని వేటాడతాయి. మధ్యాహ్నం ఎండలో మొసళ్ళు ఇసుకదిబ్బల మీద నోళ్ళు తెరుచుకుని పడుకుంటాయి. నోటి గుండా ఒంటి వేడిని తగ్గించుకోవడం వాటి పద్ధతి. లోతు మడుగుల్లో మూపురం ఉన్న మహసీర్ చేప ఉంది. 50 కిలోలు దాటి పెరగగల ఈ చేప కావేరిలోనూ దాని ఉపనదుల్లోనూ తప్ప మరెక్కడా దొరకదు. 2018లో అంతర్జాతీయ ప్రకృతి సంరక్షణ సమాఖ్య దీన్ని అంతరించిపోయే ప్రమాదం అంచున ఉన్న జాతుల్లో చేర్చింది. కొండల మీద కడితి, కొండగొర్రె, నాలుగు కొమ్ముల జింక, అడవిదున్న, చిరుత, రేచుకుక్క తిరుగుతాయి. వీటన్నిటిలోకీ పెద్దది ఏనుగు.

ఈ అడవికి చట్టం కాపు దొరికింది ఇటీవలే. 2014లో తమిళనాడు ప్రభుత్వం 504.33 చదరపు కిలోమీటర్ల అడవిని కావేరి ఉత్తర అభయారణ్యంగా ప్రకటించింది. 2022 నవంబరులో దానికి ఆనుకుని 686 చదరపు కిలోమీటర్లకు పైగా విస్తీర్ణంతో కావేరి దక్షిణ అభయారణ్యం ఏర్పడింది. రెండూ కృష్ణగిరి, ధర్మపురి జిల్లాల్లోనే ఉన్నాయి. ఏటికి అవతల కర్ణాటకవారి కావేరి అభయారణ్యం 1987 నుంచే ఉంది. ఉత్తరాన జవళగిరి అడవుల గుండా బెంగళూరు అంచున ఉన్న బన్నేరుఘట్ట జాతీయ ఉద్యానం తగులుతుంది. దక్షిణాన మలెమహదేశ్వర కొండలు, సత్యమంగలం, అక్కడినుంచి నీలగిరులు. కలిపి చూస్తే మర్చిసన్ ఉద్యానానికి ఏమాత్రం తీసిపోని అడవి ఇది. ఒక తేడా మాత్రం ఉంది. మర్చిసన్‌లో సింహాల మైదానం ఒకే ముద్దగా ఉంటుంది. కావేరి అడవి సన్నగా, పొడవుగా, ఊళ్ళ మధ్య మెలికలు తిరుగుతూ పోతుంది. కొన్నిచోట్ల దాని వెడల్పు ఒక మంద దాటేంత మాత్రమే.

ఏనుగుకు ఆ మెలికలే దారి. పెద్ద ఏనుగు రోజుకు 150 కిలోల దాకా మేత తింటుంది, 100 లీటర్లకు పైగా నీళ్ళు తాగుతుంది. ఎండిన అడవిలో ఒకేచోట అంత దొరకదు. అందుకే మంద నడుస్తూనే ఉంటుంది. ఏ నెలలో ఎక్కడ నీళ్ళుంటాయో, ఎక్కడ వెదురు చిగురిస్తుందో మందను నడిపే పెద్ద ఆడఏనుగుకు తెలుసు. తల్లి వెంట నడిచిన పిల్ల ఆ దారి నేర్చుకుంటుంది. కావేరి ఒడ్డున ఎండాకాలం గడిపిన మందలు వానలయ్యాక పైకి కదులుతాయి. అక్టోబరు, నవంబరు నెలల్లో బన్నేరుఘట్ట వైపు నుంచి జవళగిరి మీదుగా వచ్చిన మందలు తళి, డెంకణికోట, ఊడేదుర్గం అడవుల గుండా హోసూరు దగ్గరి శానమావు అడవి దాకా చేరతాయి. ఒక్కోసారి తెల్లవారుజామున 44వ నంబరు జాతీయ రహదారిని కూడా దాటుతాయి.

సరిగ్గా ఆ నెలల్లోనే రాగి కోతకొస్తుంది. ఆ రాత్రుల్లో చేలలో మంచెలు వెలుస్తాయి. రైతు సాయంత్రమే కంబళి, బ్యాటరీ లైటు, టపాకాయలు పట్టుకుని మంచె ఎక్కుతాడు. మంచు దిగాక ఏ శబ్దమూ ఉండదు. ఏనుగు అంత పెద్ద జంతువైనా అడుగు చప్పుడు రాదు. ముందుగా వినిపించేది రాగి మొక్కలు వేళ్ళతో ఊడొచ్చే చప్పుడు. తొండంతో ఒక కుదురు పీకి, ముందుకాలికి తట్టి, మన్ను దులిపి, నోట్లో పెట్టుకుంటుంది. పీకడం, తట్టడం, నమలడం ఒక లయలో సాగుతాయి. తెల్లారేసరికి ఎకరం చేను తొక్కుడుబడి ఉంటుంది. నష్టపరిహారం ప్రభుత్వం ఇస్తుంది గాని, ఆరునెలల కష్టాన్నీ మంచె మీది నిద్రలేని రాత్రుల్నీ పూర్తిగా తీర్చగల లెక్క ఏదీ లేదు. కొన్నిసార్లు మనుషుల ప్రాణాలు పోతాయి. కరెంటు కంచెలకు తగిలి ఏనుగుల ప్రాణాలూ పోతాయి. అడవిని కాపాడాలనే ప్రతి మాటా ఈ రైతును మనసులో పెట్టుకుని పలకవలసిన మాట.

ఏనుగును చంపకుండా చేనును కాపాడే ఉపాయం ఒకటి ఆఫ్రికా నుంచే వచ్చింది. దక్షిణాఫ్రికాలో 1931లో ఆడో ఏనుగుల జాతీయ ఉద్యానం ఏర్పడినప్పుడు అక్కడ మిగిలినవి 11 ఏనుగులు. చుట్టూ ఉన్న తోటల్లోకి అవి వెళ్ళడం, తోటలవాళ్ళు కాల్చడం ఆగలేదు. అప్పుడు ఆ ఉద్యానానికి బాధ్యుడైన గ్రాహం ఆర్మ్‌స్ట్రాంగ్ ట్రాము పట్టాలను స్తంభాలుగా పాతి, లిఫ్టులకు వాడే ఉక్కుతాళ్ళను వాటికి బిగించి కంచె కట్టించాడు. 1954లో ఆ కంచె పూర్తయింది. చంపుకోవడం ఆగింది. ఇప్పుడు ఆడోలో 600కు పైగా ఏనుగులున్నాయి. హోసూరు అటవీ డివిజన్‌లో అడవి అంచున వేస్తున్న ఉక్కుతాళ్ళ కంచెకు మూలం ఈ పద్ధతే. అయితే ఆడో ఏనుగులు కంచె లోపల ఉండిపోయేవి. మొరసునాడు ఏనుగులు దారిన పోయేవి. అందువల్ల ఇక్కడ కంచె చేలవైపు అడ్డంగా ఉండాలి, దారిని మాత్రం మూసెయ్యకూడదు.

ఆ దారి ఎంత దూరం పోతుందో తెలుగునేలకు అనుభవమే. దాదాపు రెండు శతాబ్దాలుగా ఏనుగులు లేని చిత్తూరు జిల్లా అడవుల్లోకి 1980లలో హోసూరు, ఆనేకల్ వైపు నుంచి మందలు వచ్చాయి. వచ్చినవి వెళ్ళలేదు. వాటికోసం 1990లో పలమనేరు, కుప్పం ప్రాంతంలో 357 చదరపు కిలోమీటర్ల కౌండిన్య అభయారణ్యం ఏర్పడింది. ఆ అడవిలోనూ ఒక జలపాతం ఉంది. పలమనేరు, కుప్పం రోడ్డు పక్కన బండల మీదినుంచి దూకే కైగల్ జలపాతాన్ని అక్కడివాళ్ళు దుముకురాళ్ళు అంటారు. పొగరాళ్ళ దగ్గర నీళ్ళు తాగిన సంతతి దుముకురాళ్ళ దాకా నడిచి వచ్చింది. పంటల మీదికి వచ్చే అడవి ఏనుగులను మళ్ళించడానికి శిక్షణ పొందిన కుంకీ ఏనుగులను 2025 మే నెలలో కర్ణాటక ప్రభుత్వం ఆంధ్రప్రదేశ్‌కు అప్పగించింది. మూడు రాష్ట్రాలూ కలిసి పట్టించుకోవలసిన పని ఇది. ఏనుగుకు రాష్ట్రాల సరిహద్దు తెలియదు.

నీటికీ తెలియదు. హొగెనకల్‌కు కొద్ది మైళ్ళ ఎగువన, కావేరి ఉత్తర అభయారణ్యం అంచున బిలిగుండ్లు అనే చిన్న ఊరు ఉంది. కర్ణాటక నుంచి తమిళనాడుకు వచ్చే నీటిని కేంద్ర జలసంఘం కొలిచేది అక్కడే. 2018 ఫిబ్రవరి 16న సుప్రీంకోర్టు తీర్పు ప్రకారం ఒక మామూలు సంవత్సరంలో ఆ కొలతచోటు దాటి రావలసిన నీరు 177.25 టీఎంసీలు. ఆ నీరు పొగరాళ్ళ మీదినుంచి దూకి, 1934లో కట్టిన మేట్టూరు ఆనకట్టకు చేరుతుంది. అందులో కొంత మాత్రం కొండెక్కి వెనక్కి వస్తుంది. కృష్ణగిరి, ధర్మపురి జిల్లాల బోరునీళ్ళలో ఫ్లోరైడు ఎక్కువ. లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటిన ఫ్లోరైడు ఏళ్ళ తరబడి ఒంట్లోకి పోతే పళ్ళు గారకట్టి, ఎముకలు వంగిపోతాయి. ఈ బాధ తీర్చడానికి జపాన్ ఆర్థిక సాయంతో హొగెనకల్ తాగునీటి పథకం కట్టారు. 2013లో అది ప్రారంభమైంది. హోసూరు పట్టణానికి కూడా ఆ నీరే అందుతోంది. తళి మిట్టల మీద పడి చిన్నారు వెంట దిగిపోయిన వాన, కావేరిలో కలిసి, గొట్టాల గుండా మళ్ళీ మిట్టకే చేరి బిందెలో పడుతుంది. ఏటిగట్టు చెట్లు, వాటి వేళ్ళు పట్టి ఉంచిన మన్ను, కొండల మీది అడవి ఆ బిందెకు కాపలా.

పొగరాళ్ళకు వెళ్ళడానికి అనువైన కాలం అక్టోబరు నుంచి ఫిబ్రవరి వరకు. జూలై, ఆగస్టు నెలల్లో కొడగు, వయనాడు కొండల్లో వానలు బలంగా పడి, కర్ణాటక జలాశయాలు నిండి, మిగులు నీరు వదిలినప్పుడు ఏటి మట్టం గంటల్లో పెరుగుతుంది. అప్పుడు పుట్టి ప్రయాణాలు ఆపేస్తారు, స్నానాలకూ అనుమతి ఉండదు. ఆ నిషేధాన్ని దాటి దిగినవాళ్ళ ప్రాణాలు పోయిన సందర్భాలు ఉన్నాయి. మామూలు రోజుల్లో కూడా లైఫ్ జాకెట్టు తొడుక్కోకుండా పుట్టి ఎక్కకూడదు. రేవు దాటి అడవిలోకి పోవడానికి అటవీశాఖ అనుమతి కావాలి. అంచెట్టి దారిని పగటిపూటే దాటడం మంచిది. రోడ్డు మీద ఏనుగు కనిపిస్తే దూరంగా బండి ఆపి, హారన్ కొట్టకుండా, లైట్లు వెయ్యకుండా, అది దాటేదాకా ఆగాలి. ఫోటో కోసం దిగకూడదు. కోతులకూ జింకలకూ తిండి వెయ్యకూడదు. ప్లాస్టిక్ సంచీ పారేస్తే ఉప్పు రుచి తగిలి జంతువు దాన్ని మింగుతుంది.

మర్చిసన్ వెళ్ళే యాత్రికుడు జంతువుల్ని చూసి విమానమెక్కి ఇంటికి వస్తాడు. మత్తిగిరి నుంచి పొగరాళ్ళకు వెళ్ళివచ్చినవాడి ఇంటి కుళాయిలో పొగరాళ్ళ నీరే వస్తుంది. రాగి కోతల నెలల్లో ఆ అడవి ఏనుగులు శానమావు దాకా వస్తాయి. అడవిని చూడబోయిన దారీ, అడవి ఊరికి వచ్చే దారీ ఒకటే. ఆ దారి తెగకుండా ఉన్నంతకాలం రాళ్ళ మీద పొగ లేస్తూనే ఉంటుంది.